పుంటికూర అవ్వకు నేను పెట్టిన టిక్కు

చేతిలో ఫారాల కట్ట ఉంటే ఊరంతా వచ్చి అందులోని గడుల్లో బుద్ధిగా కూర్చుంటుందని నేను నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. మరీ పాత రోజులేమీ కావు, డిగ్రీ అయిన కొత్త. మహబూబాబాద్‌లో (మాకు అది మానుకోటే) రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రోడ్డు పక్కన కూరగాయలు అమ్మేవాళ్లకు కొత్త మార్కెట్‌లో చోటిస్తారట. ఎవరెక్కడ కూర్చుంటారో రాసుకు రావడానికి మున్సిపల్ ఆఫీసువాళ్లు నన్ను మూడు నెలల పనికి పెట్టుకున్నారు. ఫారంలో ముఖ్యమైన గడి ఒక్కటే: అమ్మే చోటు స్థిరమా, అస్థిరమా.

పొద్దున్నే వెళ్లి వరసంతా ఒకసారి చూసి, అందరికీ స్థిరం అని టిక్కు పెట్టాను. మందుల షాపు ముందు కూర్చుని పుంటికూర (అంటే గోంగూర) అమ్మే అవ్వకు కూడా. ఆమె నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వస్తుంది. ఆ సాయంత్రం అమ్మ కూర తెమ్మంటే వెళ్లాను కదా, అవ్వ రోడ్డుకు అవతల, బడి గోడ కింద ఉంది. ఇంటికొచ్చి, గొప్ప నిజాయితీతో, స్థిరం కొట్టేసి అస్థిరం అని దిద్దాను. (ఆమె పక్కన ఇంకెవరున్నారో చూడలేదు. అమ్మ తెమ్మన్నది పుంటికూర ఒక్కటే.)

జాబితా వచ్చింది. చోటు దక్కనిది అవ్వ ఒక్కతికే. మర్నాడు ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఆఫీసుకు వస్తోందని తెలిసి, నేను పెద్ద గొడవకు సిద్ధపడి రెండు గ్లాసుల నీళ్లు తాగాను. ఆమె మాత్రం గంప దించి నింపాదిగా నా బల్ల ముందు నిలబడింది.

"బిడ్డా, నాకు జాగ లేదని రాసినవంట."

"పొద్దుగాల ఒక దిక్కు, మాపటికి ఒక దిక్కు ఉంటివి గదా అవ్వా. నేను చూసిందే రాసిన."

"ఎండ ఒక్క దిక్కే ఉంటె నేను గూడ ఒక్క దిక్కే ఉందు. కూర వాడిపోతె నువ్వు కొంటవా?"

ఈ మాట విన్న మా ఆఫీసు పెద్దసారు మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. పన్నెండు దాటింది. మందుల షాపు నీడ మెట్ల దాకా ముడుచుకుని, ఎదుటి గోడ కింద సన్నగా నీడ మొదలైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, వరసంతా లేచింది. గంపలు, త్రాసులు, గోనెసంచులు రోడ్డు దాటి అదే వరసలో మళ్లీ సర్దుకున్నాయి. టమాటాల అక్కకూ మిర్చి అన్నకూ మధ్య గంప పట్టేంత ఖాళీ మిగిలింది. అవ్వ వెళ్లి అందులో కూర్చుంది. జరగమని ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది.

"వీళ్లందరు స్థిరమేనా?" అన్నారు సారు నా వైపు తిరిగి. ఫారం ప్రకారం జవాబు చెబితే వరసంతా పోతుంది. సారు పెన్ను నా చేతికిచ్చారు.

"ఆ సందు చూసినవా? గదే ఆమె జాగ. రాయి."

ఇప్పుడు కొత్త మార్కెట్‌లో అవ్వకు నంబరు వేసిన అరుగు ఉంది. వెళ్లినప్పుడల్లా "గీ పిలగాడే నన్ను కొట్టేసింది" అని పక్కవాళ్లకు నన్ను పరిచయం చేసి, ఒక కట్ట ఎక్కువే వేస్తుంది. ఒక్క సాయంత్రం చూసి మనిషి సంగతి తేల్చేసిన ఆ పిలగాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. కూర ఇప్పటికీ ఆమె దగ్గరే కొంటాను. బేరమాడే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.