ఆకు చెప్పిన వాన

అదే రాస్తున్నాను, నిన్న సగంలో ఆపేశాను. మా పక్కింటి అవ్వ మంగళవారం పొద్దున పోయింది. నేను యూనిఫాం వేసుకుని గుమ్మం దాటుతుంటే అమ్మ ఎదురొచ్చి, "అవ్వ లేస్తలేదే" అంది. ఆ రోజు లెక్కల పరీక్ష. వెళ్లి రాశాను. ఏం రాశానో గుర్తు లేదు.

ఇది ఎవరైనా చదివితే, ముందు ఆవిడ ఎవరో మీకు తెలియాలి. మాది భవాని పేట్, నేతగాళ్ల వాడ. గోడకి ఇటు మా నాన్న సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, అటు అవ్వ గది. మా ఇంట్లో సాంచెలు నడుస్తుంటే అరిస్తే తప్ప వినపడదు, అందుకని ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మెల్లగా చెప్పాల్సినవన్నీ నేను అవ్వ గదిలోనే చెప్పుకున్నాను.

ఆవిడ చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, పక్కన కత్తెర, తడి గోనెలో చుట్టిన తునికాకు. చేతులు ఆగకుండా నాతో వాదించేది.

"ఇంగ్లీషుల ఒక మంచి తిట్టు నేర్పే. బాగలేవని బీడీలు తీసి పారేసే మేస్త్రిని తిట్టాలె, వానికి తెల్వద్దు."

"ఆయనకి ఇంగ్లీష్ వస్తది అవ్వా."

"అట్లయితే నీ బడి దేనికే?"

ఆ ఆకుతోనే ఆవిడ వాన చెప్పేది. చలి వెళ్లిపోయాక గాలి పొడిగా ఉంటుంది కదా, సాయంత్రం తడిపి పెట్టిన ఆకు పొద్దుటికి గలగలమంటుంది, మళ్లీ నీళ్లు చల్లకపోతే చుట్టేటప్పుడు విరిగిపోతుంది. ఎప్పుడైనా చల్లకుండానే వంగిందంటే అవ్వ గుమ్మంలోంచి అరిచేది: "ఓ పోరగాండ్లూ, పాపడాలు లోపట పెట్టుండ్రి!" అందరూ పెట్టేవాళ్లు. గంజి పెట్టిన నూలు ఆరేసేవాళ్లు కూడా ముందు అవ్వ దగ్గరికి వచ్చేవాళ్లు.

అవ్వకి ఒక తమ్ముడున్నాడు. నేను తాత అంటాను. సాంచెల పని మానేసి, హోట్గి రోడ్ దాటాక ఒక ఊళ్లో పొలం పాలుకి చేస్తున్నాడు. వానాకాలం చివరి తడి మీద జొన్న వేస్తాడు. అది పీకి నాలుగు రోజులు నేల మీద ఆరబెట్టాలి. ఆ నాలుగు రోజుల్లో అవకాళి వాన, అంటే కాలం కాని కాలంలో వాన, పడిందంటే గింజ నల్లబడుతుంది. మనుషులు కొనరు, చొప్ప పశువులు ముట్టవు. మునుపు ఎప్పుడో ఒకసారి వచ్చేదట. ఇప్పుడు ప్రతి ఏడూ ఆ భయమే.

పోయిన ఏడు, జొన్న ఆరుతున్న అలాంటి ఒక పొద్దున అవ్వ ఆకు తీసి వేలికి చుట్టి చూసింది.

"మెత్తగున్నదే. గాలిల నీళ్లున్నయి. తమ్మునికి ఫోన్ చేసి జొన్న కుప్పెయ్యమంట." మళ్లీ ఆగి నా వైపు చూసింది. "నీ ఫోను ఏమంటది?"

నా ఫోన్‌లో నెట్ లేదు. వీడియోలు చూసి అవగొట్టాను. నాన్నకి తెలిస్తే ఫోన్ లాక్కుంటాడు. తెర మీద రెండు రోజుల క్రితం వాతావరణం పేజీ ఉంది, అందులో ఎండ బొమ్మ. అది పాతదని నాకు తెలుసు.

"ఎండే అవ్వా. ఆకుకేం తెలుసు?" అన్నాను.

అవ్వ నవ్వింది. "నిజమే, ఆకు బడికి పోలేదు." తమ్ముడికి ఫోన్ చేసి, "ఆరనియ్ రా, వాన రాదు" అని చెప్పింది.

మధ్యాహ్నం మా రేకుల మీద వాన మొదలైంది. సాంచెలు నడుస్తున్నా వినపడింది.

మూడో రోజు తాత వచ్చాడు. సంచిలోంచి ఒక కంకి తీసి గుమ్మంలో పెట్టాడు. మసిలో ముంచినట్టుంది.

"అక్కా, నువ్వే గద రాదంటివి."

"నేనే అన్న. చేతికి తెలుస్తలేదు రా, ముసల్దాన్నయిన. ఆకు మెత్తగుందా గట్టిగుందా సమజయితలేదు."

నేను చాయ్ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. అవ్వ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత పేట్‌లో ఎవరూ ఆవిడని వాన గురించి అడగలేదు. ఒకసారి ఆకు మెత్తబడిందని అరిస్తే, ఎదురింటావిడ నవ్వి పాపడాలు ఎండలోనే ఉంచింది. సాయంత్రం తడిశాయి. అయినా ఎవరూ రాలేదు. అవ్వ కూడా అరవడం మానేసింది.

ఒక్కసారే అవ్వని అడిగాను, తాతకి నా పేరు ఎందుకు చెప్పలేదని. చాటలోంచి తల ఎత్తలేదు.

"నాకు డెబ్బై దాటినయి. నా మాట పోతే ఏం పోతది? నీ మాట ఇంక మొదలే కాలె."

ఆమె ఉన్నన్నాళ్లు నా తప్పు మా ఇద్దరిదీ. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. తాత అవ్వని మోసేటప్పుడు ముందు నడిచాడు. గుమ్మం దాటేటప్పుడు ఆయన చెవి నాకు దగ్గరగానే ఉంది. పక్కకి జరిగి దారిచ్చాను. అవ్వకి వాన తెలుసని, చివరిదాకా తెలుసని పేట్ మొత్తానికీ చెప్పాలి. ముందు ఆయనకి చెప్పాలి. చెబితే నాన్నకి తెలుస్తుంది, అమ్మకి తెలుస్తుంది, ఆ కంకి మళ్లీ

తలుపు కొడుతున్నారు. అమ్మ బజారుకి వెళ్లింది.

"బిడ్డా, ఉన్నవా? నేను, తాతను. రేపు జొన్న పీకుదమనుకుంటున్న. అక్క లేకపాయె. జర ఫోన్ల చూసి చెప్తవా, వానొస్తదా?"

ఈ కాగితాలు నా బడి అట్లాస్‌లో దాస్తున్నాను. తలుపు కింద సందులో ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి, అంచుల్లో ఎండిన నల్లమట్టితో. కదలడం లేదు.