బాబు చేతికి మురుగులు

నగరం చుట్టూ ఐటీ కంపెనీలు వెలుస్తున్న రోజులు. రాళ్లగుట్ట పక్క స్థలానికి కూడా గిరాకీ వచ్చింది. మా ఆయన సికింద్రాబాద్‌లో ఎస్సై. అక్కడే ఒక ముసలామె స్థలాన్ని దొంగ కాగితాలతో అమ్మేసిన బ్రోకరు కోసం వెతుకుతున్నారు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ మా ఇంటికొచ్చింది. పట్టుచీర, మెడనిండా బంగారం.

"మీ ఆయన దోస్తు భార్యను చెల్లే. బాబును చూసిపోదామని వచ్చిన" అంది.

పెరుగు తోడుకోసం వచ్చిన ఇంటి ఓనరు ఆంటీ కూడా అక్కడే ఉంది. మాటల్లోనే ఆవిడ ఏడు నెలల మా బాబును ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులకూ బంగారు మురుగులు తొడిగేసింది.

"అయ్యో, ఎందుకండీ!"

"పసిపిల్లగానికి పెట్టింది తీస్తరా? మంచిది గాదు."

మా శ్రీకాకుళం వైపూ అదే మాట. తియ్యడానికి చెయ్యి రాలేదు. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టి, తాంబూలంలో జాకెట్టు ముక్క పెట్టి ఇచ్చాను. ఆవిడ గుమ్మం దాటి వెనక్కి తిరిగింది.

"మా ఆయన కేసు జెర చూస్కొమ్మని చెప్పు. పొద్దుగాల బాబును పార్కుకు తీస్కపోతవు గదా. పైలం."

జాగ్రత్త చెప్పినట్టు లేదు, బెదిరించినట్టుంది. ఆవిడ ఆ బ్రోకరు పెళ్లామని అప్పుడర్థమైంది. వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఆ మురుగులు ముట్టుకోకు. సాక్షుల ముందే తియ్యాలి" అన్నారాయన.

మా ఆయన ఇంటికొచ్చి, లంచాల కేసులు చూసే అధికారికి కబురు పెట్టారు. ఆ అధికారి సాక్షులతో వచ్చేదాకా బాబు వాటిని చప్పరిస్తూనే ఉన్నాడు. సబ్బు నీళ్లు రాసి తీశారు. తర్వాత నా వాంగ్మూలం. జాకెట్టు ముక్క సంగతి రాగానే అధికారి కలం ఆగింది.

"ఇరకాటంలో పెట్టావమ్మా. చుట్టాల్లా పెట్టుపోతలు చేసుకున్నారంటాడు వాళ్ల లాయరు. ఇరుక్కునేది మీ ఆయనే."

"అయితే రాయకండి సార్" అన్నాను.

"రాయండి సార్. ఇచ్చింది కదా" అన్నారు మా ఆయన.

"మీ ఉద్యోగం పోతే?" నా గొంతు లేచింది.

"మనం దాచాక ఆవిడ దాన్ని కోర్టుకు తెస్తే?"

గడపలో నిలబడ్డ ఆంటీ అందుకుంది.

"రాయి సారూ! ఇంటికొచ్చిన ముత్తైదువను ఉత్తచేతులతోని పంపుతరా? లంచమియ్యనీకి వచ్చిందని ఆమె మొఖం మీద రాసుందా ఏంది? నేను చూసిన. నా పేరు సుత రాస్కో!"

అధికారికి నవ్వొచ్చింది. రాశాడు. ఆంటీ చెప్పిందీ రాసుకున్నాడు.

బ్రోకరు దొరికాడు, బెయిలు మీద బయటికీ వచ్చాడు. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. జాకెట్టు ముక్క ఎందుకిచ్చావని నన్ను అడుగుతారట. బాబుకు అన్నం కలుపుతూ జవాబు మనసులో చెప్పుకుంటుంటాను. ఆంటీ అన్నంత గట్టిగా మాత్రం రావడం లేదు.