దయతలచిన రెండెకరాలు

సృజన ఆ కాయితాన్ని కాలేజీకి తీసుకుపోతానంటే ఐలవ్వ మూడు రోజులు ఒప్పుకోలేదు. ట్రంకుపెట్టెలో, పెండ్లినాటి చీర మడతల్లో ఇరవై ఏడేండ్లుగా ఉన్న కాయితం అది. జమ్మికుంట పక్క ఊళ్లో రామకిషన్‌రావు దొర దగ్గర రెండెకరాలు కొన్ననాడు ఆమె భర్త ముత్యం రాయించుకున్న తెల్లకాయితం. రిజిస్ట్రీ లేదు. ముత్యం దుబాయిలో పోయాక ఆ చెలకనే నమ్ముకుని ఐలవ్వ బిడ్డను కరీంనగర్‌లో లా చదివిస్తున్నది.

"ఇంట్ల ఉన్న భూమి కాయితం తెచ్చి దాని కథ చెప్పాలెనంట అవ్వా. మా సారు చెప్పిండు."

"కథేముంది బిడ్డా. పైసలిచ్చినం, దున్నుకుంటున్నం."

ఆస్తి చట్టం చెప్పే శ్యాంసుందర్ సార్ కాయితాన్ని సృజనతోనే గట్టిగా చదివించాడు. ఆమె గర్వంగానే మొదలుపెట్టింది. "...దొరవారు దయతలచి సదరు రెండెకరాలు మాకు దున్నుకొనుటకు ఇచ్చినారు..."

సార్ చేయెత్తి ఆపాడు. "అమ్మినారు అని ఎక్కడన్న ఉందామ్మా?"

లేదు. ధర కూడా లేదు. దొర ముందు నిలబడి 'కొన్నాను' అనడం, ఆయన భూమికి రేటు కట్టి రాయించడం ముత్యానికి మర్యాద అనిపించలేదు. పత్తి అమ్మిన పైకం రెండు చేతులతో దొర చేతిలో పెట్టి, కాయితంలో మాత్రం దయ అని రాయించాడు. సంతకాలు చేసిన సాక్షులిద్దరూ ఇప్పుడు లేరు.

"కొన్నోనికి హక్కుంటది. దయ మీద దున్నేటోనికి, దయ ఉన్నన్ని రోజులే," అన్నాడు సార్ క్లాసువైపు తిరిగి. "మంచి ఉదాహరణ తెచ్చినవమ్మా."

వెనక బెంచీలో రామకిషన్‌రావు మనవడు ఉజ్వల్ ఉన్నాడు. "మా తాత గంత దయగలోడని నాకిప్పటిదాక తెల్వదు సార్."

క్లాసంతా నవ్వింది. సృజన కాయితం మడిచేలోపే అతను ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. "నోట్స్ కోసమే," అన్నాడు.

తెల్లకాయితాన్ని పట్టా చేయమని ఐలవ్వ ఎప్పుడో పెట్టుకున్న అర్జీకి ఆ నెలలోనే మండలాఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆ తెల్లకాయితంలో ఏం రాసి ఉందో అన్నేండ్లుగా మరిచిపోయిన దొర, ఇప్పుడు అభ్యంతరం రాసిచ్చాడు. సృజన సార్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇక మీ అమ్మ నోటిమాటే దిక్కు," అన్నాడాయన. "కొన్నం, పైసలిచ్చినం. ఇంతే అనాలె."

బస్సులో ఐలవ్వ దారి పొడుగునా అదే వల్లెవేసింది. కొన్నం, పైసలిచ్చినం. పక్క సీటామె విసుక్కుంది. "ఎన్నిమాట్ల కొంటవక్కా, ఊరంత కొంటవా ఏంది?" ఐలవ్వ నవ్వింది.

మండలాఫీసులో దొర కుర్చీలో ఉన్నాడు. ఐలవ్వ చెప్పులు గుమ్మం బయటే విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుంది.

"ఈ భూమి నీకెట్ల వచ్చిందమ్మా?" అని అధికారి అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే దొర పలకరించాడు. "ఏం ఐలవ్వా, పానం మంచిగున్నదా? నీ బిడ్డ సక్కగ సదువుతుందంట గదా."

"మీ దయ దొరా."

"భూమి సంగతి చెప్పమ్మా," అన్నాడు అధికారి.

ఐలవ్వ దొర ముఖం వైపు చూసింది. "గదీ దొర దయనే సారూ."

"అవ్వా," అన్నది సృజన.

"నువ్వు మధ్యల మాట్లాడద్దు," అన్నాడు అధికారి. గుమాస్తా రాసింది చదివి వినిపించాడు. ఐలవ్వ వేలిముద్ర వేసింది.

బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ బిడ్డను అడిగింది. "దొర మనసు నొవ్వకుండ చెప్పిన. మంచిగ చెప్పిన్నా?"

"మంచిగనే చెప్పినవవ్వా."

అర్జీ కొట్టేశారు. పత్తి ఇంకా ఏరకముందే దొర మనుషులు చెలకలో జేసీబీ దింపారు. సెమిస్టర్ పరీక్షలో శ్యాంసుందర్ సార్ అదే కథను పేర్లు మార్చి ప్రశ్నగా ఇచ్చాడు. ఆ విధవకు భూమి మీద ఏ హక్కూ లేదని సృజన కారణాలతో సహా నాలుగు పేజీలు రాసింది. క్లాసులో ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి.