గడువు లాయరూ, వంకర చెవి ఏనుగూ

వీధి వీధంతా ఆయన్ని గడువు లాయరు అంటుంది. ఫిర్యాదు ఏదైనా సరే, గడువులోగా చెబితేనే ఆయన తలకెక్కుతుంది. కాస్త ఆలస్యమైందా, "గడువు దాటింది, కొట్టేశాం!" అంటూ అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరుస్తాడు. బల్ల అందకపోతే ఎదుటివాడి భుజమైనా ఫర్వాలేదు.

ఒకరి డిజైన్ ఇంకొకరు కాపీ కొట్టిన కేసులు ఆయనవి. కోర్టులో అవి ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ కసంతా ఇంటికొచ్చి తీర్చుకుంటాడు. కాఫీలో పంచదార తగ్గిందనాలంటే రెండో గుక్కలోగా అనాలి. కప్పు ఖాళీ చేసి మూతి ముడిస్తే చెల్లదు.

తనకైనా అదే చట్టం. ఓసారి కటింగ్ షాపతను మీసం ఒకవైపు కురచ చేసి పంపాడు.

"వెళ్లి అడగండీ!" అంది భార్య.

"కుర్చీ దిగేశాను కదే. గడువు దాటింది."

మర్నాడు ఆ మీసంతోనే వాదించాడు. జడ్జిగారు సాయంత్రం దాకా తల పక్కకి వంచుకునే విన్నారట.

ఆయన చెల్లెలు ఆమధ్య బొమ్మల దుకాణం పెట్టింది. అరల నిండా గుడ్డ ఏనుగులే. అంతా బాగుందనుకుంటుండగా ఒకరోజు వదిన, అంటే లాయరుగారి భార్యే, సుడిగాలిలా వచ్చి పడింది.

"ఏనుగు నాదే అమ్మాయ్! మా బాబు మంచం మీదది చూసి దించేశావు. ఇవాళ ఒకావిడ నన్నే పట్టుకుని, 'మీ ఆడపడుచుని చూసి కుట్టారా?' అంది. కోర్టుకెక్కుతా, అమ్మకాలు ఆపిస్తా!"

ఏనుగులు ఆగితే దుకాణానికి తాళమే. చెల్లెలు పరుగున అన్నయ్య ఇంటికెళ్లింది. వెనకాలే వదిన. భోజనాల బల్ల దగ్గర విచారణ మొదలైంది.

"కాపీ కాదన్నయ్యా! ఏనుగు ఏనుగులాగే ఉంటుంది కదా!"

"ఉంటుంది. ఎడమ చెవి తలకిందులుగా ఎందుకుంది?"

"అది నేను నిద్రమత్తులో తప్పు కుట్టింది!" అని అరిచింది వదిన.

చెల్లెలు నసిగింది. "నేనేమో... అదే ఫ్యాషననుకున్నా."

"పక్కవాడి పేపరు చూసి వాడి హాల్‌టికెట్ నెంబరు కూడా రాసేసినట్టుంది! తెలియక చేశానంటే కుదరదు. బాధ్యత నీదే."

వదిన ముఖం వెలిగిపోయింది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఆ ఏనుగుని మొదట ఎప్పుడు చూశావు?"

"దుకాణం తెరిచిన రోజే."

"మరి అప్పుడే అడగలేదేం?"

"పిచ్చిది, అంత సంబరంగా అందరికీ చూపించుకుంటోంది. నోరు రాలేదండీ."

"గడువు దాటింది, కొట్టేశాం!" గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"అదేంటండీ! కోర్టులో ఏళ్ల గడువుంటుందని మీరే చెప్పారుగా!"

"కోర్టులోంచి ఎవరింటికి వాళ్లు పోతారే. మనం ఈ బల్ల దగ్గరే తినాలి. అన్నేళ్లు కోపం దాచుకుంటే కంచాలెక్కడ పెడతాం?"

ఆ ఇంట్లో అలిగి పడుకున్నవాళ్లు ఎందుకు లేరో చెల్లెలికి ఇప్పటికి అర్థమైంది.

"నీ బాధ్యత మాత్రం పోలేదు" అన్నాడాయన. "ప్రతి ఏనుగు మీదా మీ వదిన పేరుండాలి. అమ్మకంలో వాటా ఇవ్వాలి."

"వాటా ఏంటన్నయ్యా, వదిననే దుకాణానికి పంపు! ఇద్దరం కలిస్తే రెండు చెవులూ తప్పు కుట్టొచ్చు."

నవ్వు ఆపుకోబోతే వదినకి పొలమారింది. "వస్తా గానీ, కొత్త బొమ్మ కూడా చేద్దాం. నల్లకోటు, బల్ల మీద చెయ్యి..."

"నా అనుమతి లేకుండా నా రూపమా? ఇద్దరికీ నోటీసులిస్తా!"

ఈలోగా వదిన లోపల్నుంచి కొలతల టేపు తేనే తెచ్చింది. గడువు లాయరు గభాల్న లేచి నిటారుగా నిలబడి, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

చెల్లెలు ఆయన నడుం చుట్టూ టేపు చుట్టి, తలెత్తి చూసింది.

"అన్నయ్యా, నేను కాపీ కొడితే ఉన్నదున్నట్టు కొడతా. పొట్ట వదులు!"