సోయా పందికి ఒక వెంట్రుక

తాను అమ్మని పంది మాంసానికి మా తైనాన్ బజారులో కసాయి లియాంగ్ క్షమాపణ చెప్పడం నేను కళ్లారా చూశాను. చెప్పించింది మా పక్కింటి యువేతావ్.

ఆమె మొగుడు చిన్‌షూయ్ ఒక వెంట్రుక తెచ్చి లియాంగ్ ముక్కు కింద పెట్టాడు.

"పంది కాలు గీకడం కూడా రాదా నీకు? గొంతులో ఇరుక్కుంది!"

"నువ్వు నా కొట్టుకు రాక పదకొండు నెలలైంది, పెద్దాయనా. ఎవరి పంది వెంట్రుకో నాకెందుకు తెచ్చావు?"

చిన్‌షూయ్ పెళ్లాం వైపు తిరిగాడు. ఆమె తొణకలేదు.

"అలాగా లియాంగ్? మేం నిన్నొదిలి ఎదురుకొట్టుకు పోయామని గట్టిగా చెప్పు మరి. బజారంతా వింటుంది."

ఎదురుకొట్టువాడు కత్తి ఆపి చెవులు రిక్కించాడు. లియాంగ్ ముఖం మాడిపోయింది.

"నాదే, పెద్దాయనా. ఈసారి బాగా గీకుతాను."

నిజానికి ఆ పంది కాలు సోయాపాల మీద కట్టే మీగడ పొరలు చుట్టి చేసింది. వెంట్రుక, గచ్చు తోమే బ్రష్షులోని కొబ్బరి పీచు.

గుండె పాడైంది, మాంసం మానమని డాక్టరు చెబితే, "గడ్డి తినడానికి నేను మేకనా?" అని చిన్‌షూయ్ లేచి వచ్చేశాడు. యువేతావ్ మాత్రం మా పేట వార్డు హాల్లో జరిగే ఆహార పాఠాలకు పోయింది. ఫ్యాను గాలి బాగుంటుందని నేనూ పోయాను. చిక్కుళ్లు, సోయా, నువ్వులు, ఆకుకూరలు సరిగ్గా తింటే బలానికి లోటుండదనీ, అలవాటైన రుచిని ఒక్కసారిగా లాగేయొద్దనీ ఆ పాఠాలు చెప్పే పిల్ల చెప్పింది. అందరూ రాసుకున్నారు. నాకు రాయడం రాదు కాబట్టి గుర్తుంది.

మొదటిరోజు చిన్‌షూయ్ ముక్కను తిప్పి చూసి, "మరీ నున్నగా ఉందే" అన్నాడు. మర్నాడు యువేతావ్ పీచు అంటించింది. కసాయివాణ్ని తిడుతూ రెండు గిన్నెల అన్నం తిన్నాడు. ఇప్పుడు ఆగకుండా మూడంతస్తులు ఎక్కి, "అంతా పంది బలం" అంటున్నాడు. అదే మాట విని డాక్టరు రక్తపరీక్ష కాగితాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడట.

పోయిన వారం యువేతావ్ కుంటుకుంటూ మా ఇంటికొచ్చింది. మోకాలికి ఆపరేషన్, నెల రోజులు మంచం.

"అక్కా, ఈ నెలంతా ఆయనకు వంట నువ్వే చెయ్యాలి. సంగతి తెలిసిందంటే ఆయన మర్నాడే నిజం పంది తెస్తాడు. ఆ గుండె తట్టుకోదు."

"రోజూ పంది తినేదాన్ని, నాచేత పీచులంటిస్తావా?"

"తినేదానివి కాబట్టే వెంట్రుక ఎక్కడుంటుందో నీకు తెలుసు. గిన్నెకు ఒకటి చాలు. ఇంకో పని కూడా ఉంది."

"ఇంకానా?"

"ఆయన వెంట్రుక పట్టుకుని బజారుకు బయల్దేరితే నువ్వు ముందే పరుగెత్తు. లియాంగ్ నోరు తెరిచేలోపు వాణ్ని తిట్టెయ్యాలి. దానికి ఈ వీధిలో నీ నోరే కావాలి, అక్కా."