దారి అడుగుతూనే పోయిన పెద్దనాయన

మా పెద్దనాయన ప్రభువునందు నిద్రించాడని పోయిన మంగళవారం సూర్యాపేటలో మా కాలేజీ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. రోజూ కోడికంటే ముందు లేచి, తన ప్రార్థనతో వాడనంతా లేపే మనిషి. నిద్రకూ ఆయనకూ ఇన్నాళ్లూ పెద్దగా పరిచయం లేదు. ఫోన్లో ఆయన కొడుకు, మా అన్న, ఏడవలేదు. "జల్ది రా తమ్మీ. పటేలు గట్టు మీద ముండ్లకంప ఏపిచ్చిండు. నాయనను ఎట్ల తీస్కపోవాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

సంగతేమిటంటే, మునగాల దగ్గర మా ఊళ్లో మా సమాధుల జాగ పటేలు పొలానికి అవతల ఉంది. ఆయన గట్టొక్కటే దారి. మా వాడ సగం క్రైస్తవంలో కలిశాక, ఆ గట్టు మీద శిలువ పోగూడదన్నాడాయన. అప్పటినుంచీ పెద్దనాయన ఆ దారి అడుగుతూనే ఉన్నాడు.

ఆయన పాస్టరు కాదు. రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పెద్ద. జీతం లేని ఉద్యోగం కాబట్టి రాజీనామా కూడా లేదు. శుక్రవారం ఉపవాసంలో, గోడకున్న ప్రపంచ పటం ముందు మోకరించి, విశ్వాసం కోసం జైళ్లలో ఉన్నవాళ్లందరి కోసం దేశం వెంట దేశం ప్రార్థించేవాడు. చైనాలో మొదలుపెడితే ఆఫ్రికా చేరేసరికి ఆకలికి నా కళ్లు తిరిగేవి. లోకజ్ఞానం కలవాడినై ఓసారి మనవి చేసుకున్నాను.

"పెద్దనాయనా, సోవియట్ రష్యా ఖతమైంది. పేపర్ల వచ్చింది. ఇగ దాన్ని ఇడ్సిపెట్టు."

"దేశం ఖతమైతది. జైల్ల ఉన్నోడు ఇల్లు చేరిండో లేదో వచ్చిందార నీ పేపర్ల?"

రాలేదు. ఆ శుక్రవారం రష్యాకు ఇంకాస్త ఎక్కువసేపు పట్టింది.

పటేలు దగ్గరికి పోయేటప్పుడు నన్నూ వెంటబెట్టుకునేవాడు, డిగ్రీ చదువుతున్నానన్న మర్యాదకు. ఆ మర్యాద పటేలుకు తెలియదు. ఆయన అరుగు మీద, మేం వాకిట్లో.

"జర దారి ఇయ్యి పటేలా. సచ్చినోడు నీ గట్టు మీద ఎంతసేపుంటడు?"

"ఎన్కటి దేవుని తానికే మర్లి పోండ్రి. దారి దానంతటదే వస్తది."

"అది కాని పని పటేలా. మళ్ల వస్త."

తిరిగొస్తూ ఓసారి అన్నాను: "ఆ పటం మీద మన ఊరికి గూడ ఓ సుక్క పెట్టరాదు. మనకోసం ఎవలన్న ప్రార్థన చేస్తరు."

ఆయన నవ్వలేదు. "మనల్ని ఎవలు జైల్ల ఏసిండ్రుర? ఆ మాటంటే జైల్ల ఉన్నోళ్ల ముందు సిగ్గయితది." కాస్త దూరం నడిచాక, "అడిగి అడిగి యాష్టకొస్తంది బిడ్డా" అన్నాడు. "గని అడుగుడు బంద్ వెడితే మనం ఈ ఊళ్లె లేనట్టే."

నేను చేరేసరికి శవపెట్టె పెద్దనాయన వాకిట్లో ఉంది. అన్న ఇంకోసారి అడిగొచ్చాడు. పటేలు తలుపు తీయలేదు. చివరికి అన్నే లేచి, "గట్టు మీద పోవద్దన్నడు. మడిల పోవద్దనలే గద" అన్నాడు. ఊళ్లో జోకులు వేసేది నేనొక్కడినే అనుకునేవాణ్ణి.

పెట్టెను భుజాలకెత్తుకుని పొలంలోకి దిగాం. మోకాళ్లదాకా బురద. పాటెత్తుకున్నారు గాని, ఊపిరి చాలక సగంలోనే ఆగిపోయింది.

మట్టి ఇచ్చి తిరిగొస్తుంటే మా ఆడవాళ్లు పొలంలోనే వెనకబడ్డారు. మా కాళ్లకింద నలిగిన నాటు, కిందటి వారం కూలికి వాళ్లు వేసిందే. తెల్లచీరలు ఎగ్గట్టి, బురదలో కూరుకుపోయిన నారు ఏరి, మళ్లీ గుచ్చుతున్నారు. నాట్లేసేవాళ్లు ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. అట్లా వంగి, ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ, మేం నడిచిన దారంతా పచ్చగా పూడ్చుకుంటూ వచ్చారు.