చంక కింద చదరం ముక్క

1983 జూన్‌లో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం కుట్టు శిక్షణ కేంద్రానికి టైలరింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. నా పైన సూపర్‌వైజర్, ఆమె నెలకోసారి జీపులో వచ్చేవారు. నా కింద ఆయా నాగమ్మ ఒక్కతే. పెంకుటింటి వసారాలో ఎనిమిది తొక్కుడు మిషన్లు, నేర్చుకోవడానికి పన్నెండు మంది ఆడవాళ్ళు. వానాకాలంలో గోదావరి వైపు నుంచి తడిగాలి కొడితే కొలతలు గీసే కాగితాలు మెత్తబడేవి, బట్ట మీద చాక్ గీత నిలిచేది కాదు. మిషన్ ఆయిల్, కొత్త లాంగ్‌క్లాత్ గంజి కలిసిన ఆ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ ఒక నిమిషం ఆగుతాను.

కోర్సు ఆరు నెలలు. చివరి నెలకు నేనే ఒక పద్ధతి పెట్టాను. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న పాత కుట్టుబట్ట ఒకటి తెచ్చి, విప్పకుండా చూసి కొలిచి, అలాంటిదే కొత్తది కుట్టాలి. ఒకామె అమ్మమ్మ బుట్టచేతుల రవిక తెచ్చింది. పర్ణశాల నుంచి బస్సులో వచ్చే సుశీల ముత్తవ్వ వక్కల సంచి తెచ్చింది. తాడు లాగితే మూతి ముడుచుకునేది, లోపల మూడు అరలు. అది ఎవరి పెళ్ళికి కుట్టారో, ఎవరెవరి నడుముకు మారిందో, అన్నీ చెప్పేది. చేతులు ఆగకుండానే మాటలు సాగేవి. నా ఉద్యోగంలో అంత బాగున్న రోజులు మళ్ళీ రాలేదు.

చివరి పరీక్ష కూడా ఆ పాత కుట్టు మీదే. మార్కులు వేసేది నేను. పాసైతే కుట్టుమిషను ఉచితంగా ఇస్తారు. రజియా ఆ మిషను కోసమే చేరింది. పాతికేళ్ళుంటాయి, భర్త సైకిళ్ళు బాగుచేసేవాడు. అప్పటిదాకా పక్కింటివాళ్ళ మిషను ఖాళీగా ఉన్నప్పుడు అడిగి కుట్టేది.

పరీక్ష రోజున రజియా తన దాదీ, అంటే నాన్నమ్మ, కుర్తా చూసి కుట్టింది. మేం నేర్పే పద్ధతిలో ముందు కాగితం మీద కొలతల బొమ్మ గీయాలి, దాన్ని డ్రాఫ్టింగ్ అంటాం. చేయి భుజానికి కలిసేచోట గుండ్రంగా తీయాలి. ఆమె కాగితం ముట్టలేదు. బట్ట మడిచి, జానతో కొలిచి, అన్నీ తిన్నగా కత్తిరించింది. చంక కింద అరచేయంత చదరం ముక్క వేసింది.

అతుకెందుకు పడిందని అడిగాను.

“అతుకు కాద్సార్. మా దాదీది గిట్లనే ఉంటది. అది లేకుంటే చెయ్యి లేవదు.”

రౌండు సరిగ్గా తీస్తే అతుకుతో పనేముంది అన్నాను.

వెనక మిషను మీదున్న సుశీల తలెత్తకుండానే అంది: “సార్ తన అంగీకి రౌండు మంచిగనే తీసిండ్రు. గా చంకనే మొన్న బస్సుల పిగిలింది. ఇయ్యాల మల్ల పిగిలింది.”

గదంతా నవ్వింది. నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రజియా మాత్రం నవ్వలేదు. నేను ఆమె పేరు ఎదుట ‘డ్రాఫ్టింగ్ లేదు, చంకలో అతుకు, ఫెయిల్’ అని రాశాను. డ్రాఫ్టింగ్ లేనందుకు పది మార్కులే పోవాలి. మిగిలినవి నా కోపం తీసేసిన మార్కులు. జాబితా మర్నాడే సూపర్‌వైజర్‌కు పంపాను.

పరీక్ష బట్టలు తనిఖీ అయ్యేదాకా బీరువాలో ఉండాలి. వారం తర్వాత, పని లేని ఒక మధ్యాహ్నం, రజియా కుర్తా కొలతలతోనే నా డ్రాఫ్టింగ్ ప్రకారం రౌండు తీసి ఇంకొకటి కుట్టాను. నాగమ్మకు రవిక మీదే తొడిగించి, పై అరలోని దారాల డబ్బా అందుకోమన్నాను.

“ముసల్దానికి కుర్తా తొడిగిస్తున్నవ్, మల్ల పెండ్లి చేస్తవా ఏంది సారూ” అంటూ చెయ్యెత్తింది. కుర్తా నడుము పైకి లేచింది, చంకలో కుట్టు పటుక్కుమంది. తర్వాత రజియా కుట్టినది తొడుక్కుని చెయ్యెత్తింది. అంచు కదల్లేదు. చదరం ముక్క ఏటవాలుగా సాగి చేతికి చోటిచ్చింది.

పొరపాటు నాది, జాబితా మార్చండి అని ఆ రోజే సూపర్‌వైజర్‌కు రాయాల్సింది. మిషన్లు ఇంకా రాలేదు. కానీ ఆ నెలలోనే నా ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయం కావాలి. పరీక్ష దిద్దడం రానివాడన్న మాట నా ఫైల్లో పడుతుందని భయపడ్డాను. ఉత్తరం రాయకుండా రజియా ఇంటికి వెళ్ళి, వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ పరీక్షకు రమ్మన్నాను.

ఆమె గడపలోనే నిలబడింది. “మల్ల గదే కుర్తా కుడితే పాస్ చేస్తరా?”

చేస్తానన్నాను.

“అంటే నేను కుట్టింది తప్పు కాదన్నట్టే గదా సార్. మరి గా పాసేదో గిప్పుడే ఎందుకియ్యరు?”

రూల్స్ ఒప్పుకోవన్నాను.

“అవ్ సార్. రూల్సే,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు మిషన్లు వచ్చాయి. పదకొండు మందికి ఇచ్చాం. నా ఉద్యోగం ఖాయమైంది. రజియా వచ్చే బ్యాచ్‌లో చేరలేదు. కిరాయి మిషను మీద కుడుతోందని తర్వాత విన్నాను. భద్రాచలం నుంచి తల్లాడకు, అక్కడి నుంచి వేరే ఊళ్ళకు బదిలీ అయినా ప్రతి బ్యాచ్‌కూ ఆ చదరం ముక్క నేర్పాను. ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని అడిగితే పాత పద్ధతి అని ఊరుకునేవాణ్ణి. రజియా పేరు చెప్పడం ఇదే మొదలు.

నేను ఉత్తరం రాసి ఉంటే మహా అయితే ఒక మందలింపు వచ్చేది. పరీక్ష దిద్దేవాళ్ళు పొరపాటు పడతారు. దిద్దుకోవడానికి కొంత గడువూ ఉంటుంది. నాకు మూడు వారాల పైనే దొరికింది. ఆ గడువులో నష్టపోయిన మనిషి ఇంటికి వెళ్ళి మంచిమాట చెప్పడం దిద్దుబాటు కాదు. తప్పు ఏ కాగితం మీద రాశామో ఆ కాగితం మీదే, మన సంతకంతోనే కొట్టేయాలి.